మా బావ ఎత్తుకుపోయిన జీపులు

మా బావకి ఒకే ఒక్క చెడ్డ అలవాటు ఉండేది. ఊళ్ళోవాళ్ళ జీపులు దొంగిలించేవాడు.

మిగతా అన్ని విషయాల్లోనూ ఆయనంత పెద్దమనిషి దొరకడు. సిగరెట్టు ముట్టడు, పేక పట్టడు, బస్సులో ఎవరైనా నిలబడి ఉంటే తాను కూర్చోలేడు. కానీ వీధిలో ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు తాళం సరిగ్గా వెయ్యకుండా ఒంటరిగా కనబడిందంటే మాత్రం ఆయనకి ఒళ్ళు తెలిసేది కాదు. దొంగచూపులు చూడటం, గోడ చాటున నక్కడం లాంటి మర్యాదలేవీ పాటించేవాడు కాదు. పట్టపగలు, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, ఎదురైనవాళ్ళకి నమస్కారాలు పెడుతూ వెళ్ళి, తలుపు తీసి, కూర్చుని, నడుపుకుని పోయేవాడు.

మా అక్క మొగుడని చెప్పడం కాదు గానీ, ఆ పనితనం చూసి తీరాల్సిందే. నాకో మందుల షాపుంది, పెద్ద వీధి మలుపులో. కౌంటరు వెనక నిలబడితే రెండువైపులా ఆగిన బండ్లన్నీ కనిపిస్తాయి. కాబట్టి ఆయన చేసిన దొంగతనాల్లో చాలా భాగం నేను దగ్గు మందు ఇస్తూనో, చిల్లర లెక్కపెడుతూనో కళ్ళారా చూసినవే.

ఈ అలవాటు ఉద్యోగం వల్ల పట్టుకుంది. బావ జీవితమంతా బీమా కంపెనీలో సర్వేయరు. బండి పోయిందనో, పడిందనో ఎవరైనా వస్తే వెళ్ళి చూసి, విని, నిజమేమిటో తేల్చడం ఆయన పని. దొంగతనాల కేసుల్లో సొంతదారులందరూ చెప్పేది ఒకటే మాటట. "ఇలా పెట్టి అలా వెళ్ళానండీ." ఆ ఇలాకీ అలాకీ మధ్య మనిషి క్షవరం చేయించుకుని, కాఫీ తాగి, వియ్యంకుడితో ఫోనులో పోట్లాడి వచ్చి ఉంటాడని బావ వాదన. ఆ మాట వినీ వినీ ఆయన చెవులు తుప్పు పట్టాయి. రిటైరయిన మర్నాడే, ఈ ఊళ్ళో మాత్రం ఆ మాట వినబడకుండా చేస్తానని మా అక్క ముందు శపథం చేశాడు. అక్క అప్పుడు వంకాయలు తరుగుతోంది. సరేలెండి, ముందు స్నానం చేసి రండి అంది.

మా ఊరు కొండకి అంటుకుని ఉంటుంది. ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్ళడమంటే మేడ ఎక్కినట్టో దిగినట్టో. కొత్త కార్లు వస్తాయి, పొట్ట గీరుకుంటాయి, సిగ్గుపడి వెనక్కి పోతాయి. అందుకని ఇంటింటికీ ఒక పాత జీపు, నాలుగు చక్రాలూ పట్టి లాగే రకం. కొన్నిటి వయసు వాటి సొంతదారుల కాపురాల కంటే ఎక్కువ. ఎంత ఎత్తయినా ఎక్కుతాయి, ఎంత బురదలోంచైనా లేస్తాయి. ఎవరు పిలిచినా వెళ్ళిపోతాయి, అదొక్కటే వాటి లోపం. కొత్త కారుని పరాయివాడు ముట్టుకుంటే వీధి అదిరేలా అరుస్తుంది. పాత జీపు మొహమాటస్తురాలు. చెంచా కాడ దూర్చి తిప్పినా సరేనని బయల్దేరుతుంది. పైగా వాటి విడిభాగాలు ఇప్పుడు తయారు కావు కాబట్టి దొంగలకి అవంటే ప్రాణం. మాయమైన జీపు తలుపులు ఒక ఊళ్ళో, ఇంజను ఇంకో ఊళ్ళో, స్టీరింగు మరో ఊళ్ళో తేలతాయని బావ చెప్పేవాడు.

మొదటి దెబ్బ పశువుల డాక్టరుగారికి తగిలింది. ఆయన జీపులో తాళంచెవి వదిలేసి నా షాపుకొచ్చి, తన మోకాలి నొప్పి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మోకాలు అయి నడుము దగ్గరికి వచ్చేసరికి వీధిలో జీపు లేదు. మెడ నొప్పి కూడా పూర్తి చేసుకుని బయటికి వెళ్ళేసరికి, జీపు ఉండాల్సిన చోట మా బావ మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాలు మీద కాలు, పక్కన టీ ఫ్లాస్కు, చేతిలో పేపరు.

"ఏమండీ డాక్టరుగారూ, ఏదో వెతుకుతున్నట్టున్నారు?"

"నా జీపండీ. ఇలా పెట్టి అలా వెళ్ళాను."

బావ పేపరు మడిచి, కళ్ళు మూసుకున్నాడు. "ఎన్నాళ్ళయిందండీ ఈ మాట విని," అన్నాడు.

ఆ తర్వాత ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ఉపన్యాసం. తాళంచెవి బండిలో వదలడమంటే బీరువా తెరిచి ఊరికి వెళ్ళడమేనని, అసలు ఆ తాళమే నమ్మదగింది కాదు కాబట్టి స్టీరింగుకి అడ్డంగా ఇనప కడ్డీ ఒకటి బిగించాలని, ఇంజనుకి కరెంటు ఆపే చిన్న స్విచ్చొకటి ఎవరికీ కనపడని చోట పెట్టించాలని, గోడకి ముక్కు ఆనించి నిలిపితే దొంగకి బయటికి తీయడం కష్టమని, అద్దాల మీదా తలుపుల మీదా బండి నంబరు చెక్కిస్తే ముక్కలు చేసి అమ్ముకోవడం కుదరదని. అన్నీ అయ్యాక, జీపు మా పెరట్లో ఉంది, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి అన్నాడు. ఇప్పుడే ఇవ్వచ్చుగా అని డాక్టరుగారు అడిగితే, బుద్ధి రావడానికి కనీసం ఒక పూట పడుతుందన్నాడు. ఆ నియమం ఎవరికీ సడలించేవాడు కాదు. పొద్దున దొంగిలించిన జీపు సాయంత్రం దాకా కదిలేది కాదు.

డాక్టరుగారు తక్కువ తిన్నవాడు కాదు. మర్నాటి నుంచి జీపులో తన కుక్కని కాపలా కూర్చోబెట్టాడు. దూడంత కుక్క, దాని మొరుగుడికి నా షాపులో సీసాలు గలగలలాడేవి. వారం తిరక్కుండానే జీపు మళ్ళీ పోయింది, కుక్కతో సహా. ముందు సీట్లో బావ పక్కన కూర్చుని, చెవులు గాలికి ఎగరేసుకుంటూ ఆ కుక్క నా షాపు ముందు నుంచే వెళ్ళింది. నన్ను చూసి తోక ఊపింది కూడా. సాయంత్రం డాక్టరుగారు జీపునైతే తీసుకెళ్ళగలిగాడు గానీ, కుక్క రానంది. అక్క చేతి అన్నం మరిగిన ఆ కుక్క రెండు రోజులు మా వాళ్ళింట్లోనే ఉండి, బతిమాలించుకుని వెళ్ళింది.

సంగీతం టీచరమ్మది ఇంకో కథ. బానెట్ కింద బొటనవేలంత ముక్క ఒకటుంటుంది, రోటర్ అంటారు. అది ఊడదీసి పట్టుకుపోతే బ్రహ్మదేవుడు వచ్చినా ఇంజను కదలదని బావ ఆమెకి నేర్పాడు. ఆమె శ్రద్ధగా రోజూ దాన్ని ఊడదీసి, చేతిరుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేది. ఒకరోజు జలుబు చేసింది. పాట మధ్యలో రుమాలు తీసి ముక్కు తుడుచుకుని, నల్లటి గ్రీజు మీసాలతో మళ్ళీ సరిగమలు అందుకుంటే క్లాసంతా శ్రుతి తప్పింది. అదే రోజు బావ ఆమె జీపు దొంగిలించడానికి వెళ్ళి, చెమటలు కక్కి, ఉత్తచేతులతో నా షాపుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. టీచరమ్మ జీపు కదల్లేదు మరదలా, అసలు కదల్లేదు అని చెప్పి, ఆనందం పట్టలేక షాపులో ఉన్నవాళ్ళందరికీ తలో దగ్గు బిళ్ళా పంచాడు. ఒక్కరికీ దగ్గు లేదు.

ఫోటోస్టూడియో ఆయన రహస్య స్విచ్చు పెట్టించుకున్నాడు గానీ, మరీ తెలివిగా హారనులో కలిపించుకున్నాడు. ఇక అడ్డం వచ్చినవాళ్ళని తప్పుకోమని హారను కొట్టినప్పుడల్లా ఇంజను ఆగిపోయేది. చివరికి హారను మానేసి, కిటికీలోంచి తల బయటపెట్టి నోటితో అరుస్తూ నడిపేవాడు.

ఇదంతా విని ఇన్‌స్పెక్టరుగారు ఒకరోజు స్వయంగా బావ ఇంటికి వచ్చారు. ఎంత మంచి ఉద్దేశమైనా చట్టం చట్టమే, ఇకముందు ఇలాంటివి వినబడకూడదని గట్టిగానే చెప్పారట. బావ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. అక్క టీ ఇచ్చింది. మీరు తాగుతుండండి, ఇప్పుడే వస్తానని బావ లోపలికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరుగారు టీ తాగి, గుమ్మం దిగి చూస్తే, పోలీసు జీపు నిలిపిన చోట మడత కుర్చీ.

"పోలీసు జీపు ఎవడు తీస్తాడని తాళంచెవి వదిలారా అండీ?" అన్నాడు బావ.

ఇన్‌స్పెక్టరుగారు కాసేపు ఆ కుర్చీని, కాసేపు బావని చూశారు. అరెస్టు చేద్దామంటే తీసుకెళ్ళడానికి జీపు లేదు. సాయంత్రం మళ్ళీ వచ్చి తీసుకెళ్ళారు. ఆ వారంలోనే స్టీరింగుకి పసుపుపచ్చ కడ్డీ బిగించుకున్నారు.

అక్క బాధ అక్కది. పక్కింటావిడ మొగుడు రిటైరై గులాబీలు పెంచుకుంటున్నాడు, వెనకింటాయన చదరంగం ఆడుకుంటున్నాడు, మీ బావ మాత్రం దొంగతనాలకి వెళ్తున్నాడని నా దగ్గర వాపోయేది. అయినా ఎవరైనా జీపు కోసం వస్తే, ఏమీ జరగనట్టు, ఆయన ఇంకో చోటికి దొంగతనానికి వెళ్ళారండీ, వచ్చేస్తారు, కూర్చోండి అని టీ పెట్టి ఇచ్చేది.

అందరిలోకీ ఎక్కువసార్లు జీపు పోగొట్టుకున్నది నర్సమ్మ. ఆసుపత్రిలో ఎప్పుడో రిటైరయింది గానీ పని మానలేదు. కొండ పైన పల్లెల్లో కట్లు కట్టడం, సూదులు వెయ్యడం, కాన్పులు చెయ్యడం అంతా ఆమే. ఒకరికి పెట్టడమే గానీ ఒకరి దగ్గర పుచ్చుకోవడం ఆమె ఒంటికి పడదు. నేను ఒక దూది ఉండ ఊరికే ఇస్తే, మర్నాడు పొద్దున్నే నాలుగు నిమ్మకాయలు తెచ్చి కౌంటరు మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది. ఎవరైనా జీపు బాగు చేయిస్తామంటే వాళ్ళతో నెల్లాళ్ళు మాటలుండవు.

ఆ జీపుకి బ్రేకులున్నాయన్నది ఒక పుకారు. ఆమె ఆపే పద్ధతి ఆమెకుంది. దూరం నుంచే గేరు తగ్గించి, పెడలు మూడుసార్లు పంపు కొట్టినట్టు కొట్టి, హ్యాండ్ బ్రేకు రెండు చేతులా లాగి, మిగిలిన వేగాన్ని తన ఇంటి పక్క ఇసుక కుప్పకి అప్పగించేది. కుప్ప మీద ఎప్పుడూ జీపు ముక్కు అచ్చు ఉండేది. ఆమె కొండ దిగుతూ హారను మోగిస్తే జనం మర్యాదగా అరుగులెక్కేవాళ్ళు. ఆ జీపుకి తాళం కూడా వేసేది కాదు. కాన్పు పిలుపొస్తే తాళాలు వెతుక్కుంటూ కూర్చోనా అనేది. సందు దొరికినప్పుడల్లా బావ దాన్ని ఎత్తుకుపోయేవాడు. ఈ ముసలి జీపు మీద మీకేమిటండీ అంత మోజు అని ఆమె విసుక్కుంటూ, కాళ్ళీడ్చుకుంటూ సాయంత్రం వెళ్ళి తెచ్చుకునేది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆరోజు ఊళ్ళో బాగా రద్దీగా ఉంది. నర్సమ్మ నా షాపులో దూది, కట్టు గుడ్డలు తీసుకుంటోంది. పైన చిట్టచివరి పల్లెలో ఒకమ్మాయికి నెలలు నిండాయి, సాయంత్రం లోపు అక్కడుండాలని చెబుతోంది. ఇంతలో బయట ఆమె జీపు దగ్గరికి ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. తలుపు తీశారు, ఎక్కారు, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి వైర్లు ఏవో కలిపారు. ఇంజను రెండుసార్లు మూలిగి ఊరుకుంది.

నర్సమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. "సర్వేయరుగారు మనుషుల్ని కూడా పెట్టుకున్నారా?" అంది.

అయ్యుంటుంది, ఈ మధ్య నడుము పట్టేసిందంటున్నాడు అన్నాను నేను.

ఊరంతా అదే అనుకుంది. మంగలి షాపులోంచి పశువుల డాక్టరుగారు సగం గడ్డం నురగతోనే బయటికొచ్చి, సర్వేయరుగారి తాలూకా, ఆగండి నేను తోస్తాను అని వెనక చెయ్యి వేశాడు. ఫోటోస్టూడియో ఆయన ఇంకో పక్క పట్టాడు. ఇన్‌స్పెక్టరుగారు వీధి మధ్యలో నిలబడి, రెండు చేతులూ చాచి, వచ్చే బండ్లన్నీ ఆపి దారి ఇచ్చారు. వెనక తలుపు గట్టిగా వెయ్యండి, లేకపోతే ఊడుతుందని నర్సమ్మ గుమ్మంలోంచి కేక వేసింది. పొట్టివాడు తలుపు వేసి ఆమెకి నమస్కారం పెట్టాడు. నేను చెయ్యి ఊపాను. జీపు అంటుకుని, దగ్గి, వెళ్ళిపోయింది. బావ ఇల్లు ఎగువన ఉంది, జీపు దిగువకి వెళ్ళింది. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఎంత మర్యాదగల మనుషుల్ని పెట్టుకున్నాడో అని డాక్టరుగారు మిగతా గడ్డం గీయించుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

ఆమెకి తొందర కాబట్టి, ఈసారికి సాయంత్రం నియమం సడలించమని అడుగుదామని నేనూ ఆమెతో కలిసి అక్కావాళ్ళింటికి వెళ్ళాను. బావ పెరట్లో బనీను మీద మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు. మా జీపు ఇచ్చెయ్యండి, కాన్పుకి వెళ్ళాలి అంది నర్సమ్మ.

"ఏ జీపండీ?" అన్నాడు బావ.

నర్సమ్మ నవ్వింది. అక్క నవ్వింది. నేనూ నవ్వాను. బావ ఒక్కడే నవ్వలేదు. పెరట్లో చూస్తే ఒక బకెట్టు, ఒక గొట్టం, బావ. జీపు లేదు.

ఆయన మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇది నా వల్లే అన్నాడు. నా వల్లే ఈ ఊరు దొంగకి ఎదురెళ్ళి తలుపు తీసింది అన్నాడు. చొక్కా గుండీలు వంకరగా పెట్టుకుని, చెప్పులు కూడా లేకుండా పెద్ద వీధికి పరుగెత్తాడు. వెనకే మేము.

వెంటనే వెంబడించాలని ఇన్‌స్పెక్టరుగారు ఆజ్ఞ ఇచ్చారు. అక్కడే వచ్చింది చిక్కు. ఆయన స్టీరింగు కడ్డీ తాళంచెవి, ఇంటి దగ్గర ఉతుక్కి వేసిన ప్యాంటులో ఉంది. టీచరమ్మ రోటర్ బ్యాగులో ఉంది, బ్యాగు బడిలో ఉంది, బడి కొండ మీద ఉంది. డాక్టరుగారు జీపుని గొలుసుతో దీపస్తంభానికి కట్టి, గొలుసు తాళం ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. ఫోటోస్టూడియో జీపు బయల్దేరింది గానీ, రెండు అడుగులు వెయ్యగానే మేక ఒకటి అడ్డం వచ్చింది, ఆయన అలవాటు తప్పి హారను కొట్టాడు, ఇంజను ఆగింది. ఊరంతా జీపులే, కదిలే జీపు ఒక్కటీ లేదు. బావ చెప్పిన పాఠాలన్నీ అంత చక్కగా వంటబట్టాయి. ఇంకో రోజయితే ఆయన ఆ దృశ్యం చూసి గంతులేసేవాడు. ఆరోజు మాత్రం దీపస్తంభం పట్టుకుని నిలబడిపోయాడు.

చివరికి బేకరీ వాడి రొట్టెల వ్యాను దొరికింది. ఇన్‌స్పెక్టరుగారు ముందెక్కారు. బావ, అక్క, నర్సమ్మ, డాక్టరుగారు, నేను వెనక రొట్టెల పెట్టెల మధ్య ఇరుక్కున్నాం. వేడి వేడి బన్నుల వాసన కమ్మగా ఉంది గానీ ఎవరూ ఒక్క బన్ను కూడా ముట్టలేదు. బావ ఒళ్ళో బన్నుల బుట్ట పెట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. నర్సమ్మ మందుల సంచీ గుండెకి అదుముకుని, మలుపు తిరిగినప్పుడల్లా లేని బ్రేకుని కాలితో మూడుసార్లు కొడుతోంది.

కొండ దిగి వాగు మీది వంతెన దగ్గరికి వచ్చేసరికి, రోడ్డు మధ్యలో జీపు నిలబడి ఉంది. దాని పక్కనే ఆ ఇద్దరూ చెమటలు తుడుచుకుంటున్నారు. పొడుగువాడి నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. వ్యాను ఆగగానే వాళ్ళు పారిపోతారనుకున్నాం. పారిపోలేదు. వ్యానులోంచి దిగిన ఇన్‌స్పెక్టరుగారిని చూసి పొట్టివాడి మొహం విప్పారింది.

"సార్, మీరా. దేవుడిలా వచ్చారు. మళ్ళీ ఒక్కసారి తోయించి పెడతారా?"

ఇన్‌స్పెక్టరుగారు జీవితంలో చాలామందిని పట్టుకున్నారు గానీ, ఇలా ఆప్యాయంగా దొరికినవాళ్ళు లేరట. ఇద్దరి భుజాల మీదా చేతులు వేసి, వ్యాను నీడలో కూర్చోబెట్టారు. అప్పుడు గానీ వాళ్ళకి సంగతి అర్థం కాలేదు.

పొడుగువాడు బొప్పి తడుముకుంటూ గోడు వెళ్ళబోసుకున్నాడు. ఈ కొండ జీపులకి బ్రేకులుండవని వాళ్ళ వృత్తిలో అందరికీ తెలుసట. వంతెన మీద మేకలు అడ్డం వస్తే, దూరం నుంచే రెండు కాళ్ళతో బలమంతా పెట్టి తొక్కాడట. జీపు మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. వీడి తల అద్దానికి తగిలింది, ఇంజను ఆగింది, బ్యాటరీలో పస లేదు, తోసేవాళ్ళు లేరు. ఇలాంటి బ్రేకులున్నప్పుడు బోర్డయినా పెట్టాలి కదండీ అని నర్సమ్మ వైపు చూశాడు.

నర్సమ్మ జీపు చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి చూసింది. తర్వాత లేచి, ఇన్‌స్పెక్టరుగారితో, "ఇది నాది కాదండీ," అంది.

"నంబరు మీదే కదమ్మా."

"నంబరు ఎవరైనా రాసుకోవచ్చు. నా జీపుకి బ్రేకులు లేవు."

ఆయన రంగు చూపించారు, సీటు మీది మాసిక చూపించారు. ఆమె వినలేదు. పరాయివాళ్ళ వస్తువు ముట్టనంది. ఒకపక్క పొద్దు వాలుతోంది, పైన ఆ అమ్మాయి ఎదురుచూస్తోంది, ఈమె జీపెక్కదు. అప్పటిదాకా వ్యాను వెనక నిలబడి ఉన్న బావ మెల్లగా ముందుకొచ్చాడు.

"అది మీదేనండీ. బ్రేకులు నేను కాస్త బిగించాను."

"కాస్త ఏమిటి?" అంది అక్క. "పైపులు మార్చారు, లోపలి బ్రేకు షూలు మార్చారు, ఆయిలు మార్చారు. ఆయన కింద పడుకుంటే పైన కూర్చుని పెడలు తొక్కి పట్టుకున్నది నేనేగా. నా పిక్కలు ఇప్పటికీ సలుపుతున్నాయి."

అందరం అక్క వైపు తిరిగాం. అక్క, ఇంత చిన్న సంగతికి అలా చూస్తారేమిటన్నట్టు చీరకంటిన రొట్టె పొడి దులుపుకుంది.

అప్పుడు ఒక్కొక్కరికీ వెలగడం మొదలయింది. డాక్టరుగారు గడ్డం రుద్దుకుంటూ, వైపర్లు తుడవని తన జీపు అద్దంలోంచి ఈ మధ్య వానలో కూడా దారి చక్కగా కనిపిస్తోందని, వానలే తగ్గాయేమో అనుకున్నానని అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు, మలుపు తిరిగితే తెరుచుకునే తన ఎడమ తలుపు ఎప్పటి నుంచో తెరుచుకోవడం లేదని, అది తన నడపడంలో మెరుగుదల అనుకున్నానని గొణిగారు. నర్సమ్మ మాత్రం పెడలు వైపే చూస్తోంది.

"ఈ మధ్య ఇసుక కుప్ప దాకా పోకుండానే ఆగిపోతోంది," అంది నెమ్మదిగా. "నాలాగే ముసలిదై నీరసపడిందేమో అనుకున్నాను. చేస్తే చేశారు, నాతో ఒక మాట చెప్పచ్చుగా."

"చెబితే చెయ్యనిచ్చేవారా?"

బావ వంతెన మీది నుంచి కిందికి, వాగులో రాళ్ళ వైపు చూశాడు.

"పోయిన బండ్ల కేసులు నాకెప్పుడూ బాధ అనిపించలేదండీ," అన్నాడు. "పోతే ఇనుమే కదా. బ్రేకులు పట్టక లోయల్లో పడిపోయిన బండ్లు చూడటానికి పంపేవాళ్ళు చూడండి, ఆ ఉద్యోగమే నాకు..." అని ఆగిపోయాడు. తర్వాత జీపు బానెట్ మీద తట్టి, "బ్యాటరీ కూడా మార్చాలి. వచ్చే వారం దొంగిలిద్దామనుకున్నాను," అన్నాడు.

పొట్టివాడు కళ్ళు తుడుచుకుంటూ, ఇలాంటి పెద్దమనుషులు మా వృత్తిలో లేరు సార్ అన్నాడు.

పొద్దు పోతోందని నర్సమ్మే తేరుకుని జీపెక్కింది. ఇన్‌స్పెక్టరుగారి ఆజ్ఞ మీద ఆ ఇద్దరు దొంగలూ, వాళ్ళకి సాయంగా మేమూ, అందరం కలిసి తోశాం. జీపు అంటుకుంది. చీకటి పడకముందే ఆమె పైకి చేరింది, పుట్టిన పిల్లా తల్లీ క్షేమం.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఊరు ఊరుకుంటుందా. మర్నాటి నుంచి జనం జీపులకి తాళాలు వెయ్యడం మానేశారు. తలుపులు బార్లా తీసి, తాళంచెవి కనబడేలా వేలాడదీసి, బావ ఇంటి ముందే నిలిపి వెళ్ళేవాళ్ళు. క్లచ్ జారుతోంది, మంగళవారం దొంగిలిస్తారా అని ఒకాయన ఫోను చేశాడు. బావకి తిక్క రేగింది. నేను దొంగనే గానీ మెకానిక్కుని కాదని గుమ్మంలో నిలబడి కేకలేశాడు. తాళం వెయ్యని జీపు ఇకమీదట ముట్టనని తేల్చి చెప్పాడు. వేసినదైతేనే ఆలోచిస్తానన్నాడు. దాంతో ఊరికి బుద్ధొచ్చి మళ్ళీ తాళాలు పడ్డాయి.

నర్సమ్మ మాత్రం చాలా రోజులు బావకి ఎదురుపడలేదు. పడితే ఎక్కడ థాంక్స్ చెప్పాల్సొస్తుందోనని భయం. చివరికి ఒకరోజు నా షాపు దగ్గర ఇద్దరూ తారసపడ్డారు. ఆమె నా వైపే చూస్తూ, ఆయనకి వినబడేలా, రేపు పొద్దున తనకి ఊళ్ళో పనేమీ లేదని, జీపు ఇంటి ముందే ఉంటుందని, కానీ ఈసారి తాళాలన్నీ వేసే ఉంచుతానని చెప్పింది. తియ్యగలిగినవాళ్ళు తీసుకోవచ్చంది.

మర్నాడు బావ కొత్త బ్యాటరీ సంచీలో పెట్టుకుని వెళ్ళాడు. నేను షాపు ఆలస్యంగా తెరిచి మరీ చూడటానికి వెళ్ళాను. జీపు ముక్కు గోడకి ఆనించి ఉంది. స్టీరింగుకి కడ్డీ, చక్రానికి గొలుసు. ఆ రెండూ బావ ఎలాగో విప్పాడు. తెచ్చిన బ్యాటరీ బిగించి వైర్లు కలిపాడు. ఇంజను ఉలకలేదు, పలకలేదు. రహస్య స్విచ్చు ఎక్కడో ఉంది. సీటు కింద వెతికాడు, చాప ఎత్తాడు, అద్దం వెనక తడిమాడు. ఎండెక్కింది. చొక్కా తడిసింది. నర్సమ్మ కిటికీలోంచి చూసి చూసి, ఇక ఉండలేక వరండాలోకి వచ్చింది.

"స్విచ్చు..."

"చెప్పకండి," అని బావ రెండు చెవులూ మూసుకున్నాడు. "చెబితే అది దొంగతనం ఎలా అవుతుందండీ?"

ఆమె లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపలి నుంచి, గోడకో గిన్నెలకో చెబుతున్నట్టు, గేరు కడ్డీ చుట్టూ ఉన్న తోలు మూతని ఎలకలు కొరికాయో ఏమిటో, ఒకసారి ఎత్తి చూడాలి అని గట్టిగా వినబడింది. బావ ఆకాశం వైపు చూస్తూ, ఏమీ విననట్టు, చెయ్యి మాత్రం గేరు కడ్డీ దగ్గరికి పోనిచ్చాడు.

ఆ మధ్యాహ్నం జీపు నా షాపు ముందు నుంచి వెళ్ళింది. తోలుతున్నది బావ. పక్క సీట్లో సొంతదారు నర్సమ్మ కూర్చుని ఉంది. గేరు అంత మొరటుగా మార్చకండి, జీపు మీ సొంతమనుకున్నారా అని దొంగని దారి పొడుగునా తిడుతోంది.